దళిత స్త్రీకి పనిచోటు ఏది?

‘పనిచేసే చోట స్త్రీల సమానత్వం’ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక ఆఫీసు. బల్లలు, కుర్చీలు, హాజరు పట్టీ, నెల జీతం, ఒక పై అధికారి. సాధికారత గురించి రాసే వ్యాసాలు, పెట్టే సదస్సులు కూడా ఎక్కువగా ఈ ఆఫీసు చుట్టే తిరుగుతాయి. కానీ మన పేటల్లోని స్త్రీలు పొద్దున్నే సద్ది కట్టుకుని వెళ్లేది ఆఫీసుకు కాదు. వరి మళ్లలోకి, పత్తి చేలల్లోకి, మిరప తోటల్లోకి, మునిసిపాలిటీ రోడ్ల మీదికి, ఇటుక బట్టీలకు, బడి వంటశాలకు, ఇతరుల ఇళ్లలో అంట్లు తోమడానికి వెళ్తారు. వీటిని ఎవరూ పనిచోటు అనరు. చేను అంటారు, బట్టీ అంటారు, ‘అమ్మగారిల్లు’ అంటారు. పనిచోటు అని గుర్తించని చోట హక్కులు కూడా ఎవరికీ గుర్తుకురావు. సమస్య ఇక్కడే మొదలవుతుంది.

ఈ వ్యాసంలో రెండు విషయాలు వివరించాలని మా ప్రయత్నం. పనిచోట లైంగిక వేధింపుల మీద ఈ దేశంలో వచ్చిన చట్టం ఎవరి పోరాటం నుంచి పుట్టిందో చూడడం ఒకటి. అది దళిత కూలి స్త్రీ దాకా ఎందుకు రావడం లేదు, రావాలంటే ఏం చెయ్యాలి అన్నది రెండోది.

చట్టం పుట్టిన చోటు

రాజస్థాన్‌లో 1984లో ప్రభుత్వం మహిళా అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో ఊరి స్థాయిలో పనిచేసే స్త్రీలను ‘సాథిన్’ అనేవారు. జైపూర్ జిల్లా భటేరీ గ్రామానికి చెందిన భన్వరీదేవి అలాంటి ఒక సాథిన్. ఆమెది కుమ్మరి కులం. బాల్య వివాహాలను ఆపడం ఆమె ఉద్యోగంలో భాగం. 1992లో ఏడాది కూడా నిండని ఒక గుజ్జర్ కుటుంబపు పసిపాప పెళ్లిని ఆపడానికి ఆమె ప్రయత్నించింది. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లకు అది తలవంపుగా తోచింది. ముందు ఆమెను, కుటుంబాన్ని వెలివేసినంత పని చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 22న పొలంలో భర్త కళ్ల ముందే ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది.

1995 నవంబరులో జైపూర్ సెషన్స్ కోర్టు నిందితులపై అత్యాచార నేరాన్ని కొట్టేసింది. అగ్రకులస్తుడు తక్కువ కులపు స్త్రీని ముట్టుకుని మైలపడతాడా అనే ధోరణిలో సాగిన వాదన ఆ తీర్పులో ఉంది. దీన్ని మనం కొంచెం ఆగి ఆలోచించాలి. అంటరానితనం నూరేళ్లుగా ఈ స్త్రీల శరీరాలను ఏనాడూ కాపాడలేదు. నీళ్ల దగ్గర, గుడి దగ్గర, అన్నం దగ్గర పాటించే మైల చేను గట్టు మీద, గడ్డివాము చాటున గుర్తుకురాదు. అదే మైల కోర్టులో మాత్రం నిందితుడికి రక్షణగా నిలబడింది.

ఆ నేరాన్ని నిరసిస్తూ స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పని చేసినందుకే ఒక స్త్రీ మీద దాడి జరిగితే, ఆమెకు పని అప్పగించిన ప్రభుత్వానికి బాధ్యత లేదా అన్నది వాళ్ల ప్రశ్న. 1997 ఆగస్టు 13న ‘విశాఖ’ తీర్పు వచ్చింది. చట్టం వచ్చేదాకా ప్రతి సంస్థా పాటించవలసిన మార్గదర్శకాలను కోర్టు అందులో ఇచ్చింది. చట్టం రావడానికి మరో 16 ఏళ్లు పట్టింది. 2013 డిసెంబరు 9 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఈ రోజు పెద్ద పెద్ద కంపెనీల్లో చదువుకున్న స్త్రీలు ధైర్యంగా ఫిర్యాదు చెయ్యగలుగుతున్నారంటే, దాని వెనక నెలకు ఇంత గౌరవ వేతనం మీద పనిచేసిన ఒక పల్లెటూరి కుమ్మరి స్త్రీ ఉంది. ఆమె వేసిన దారిలో ఆమెలాంటి స్త్రీలే నడవలేకపోతున్నారు.

చట్టంలో ఏముంది

నిజానికి 2013 చట్టాన్ని చదివితే అది ఆఫీసుకే పరిమితమైంది కాదని తెలుస్తుంది. పనిచోటు అనే మాటకు అది ఇచ్చిన అర్థంలో ఇల్లు ఉంది, అసంఘటిత రంగం ఉంది, పని మీద వెళ్లే ప్రతి చోటూ ఉంది, యజమాని ఏర్పాటు చేసిన బండి కూడా ఉంది. అంటే కూలీలను చేలోకి తోలుకెళ్లే ట్రాక్టరూ, ఆటో కూడా పనిచోటే. ఉద్యోగి అంటే రోజు కూలి, తాత్కాలికం, కాంట్రాక్టు అందరూ వస్తారు. మేస్త్రి ద్వారా వచ్చినా, అసలు యజమానికి ఆమె పేరు తెలియకపోయినా ఆమె ఉద్యోగే. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా చట్టం వర్తిస్తుంది. కాబట్టి ‘గౌరవ వేతనం’ అనే పేరుతో పనిచేయించుకునే బడి వంట కార్మికురాలు, ఆశ, అంగన్‌వాడీ ఆయా అందరూ దీని కిందికి వస్తారు.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట యజమాని అంతర్గత కమిటీ వెయ్యాలి. వెయ్యకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట, లేదా వేధించేవాడు యజమానే అయిన చోట, ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. కూలి స్త్రీలకు, ఇంటిపని స్త్రీలకు పనికొచ్చేది ఈ కమిటీయే. గ్రామీణ ప్రాంతంలో మండల స్థాయిలో, పట్టణంలో వార్డు స్థాయిలో ఒక నోడల్ అధికారి ఉండి, ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో స్థానిక కమిటీకి పంపాలి.

ఫిర్యాదు ఘటన జరిగిన 3 నెలల లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు ఇవ్వొచ్చు. రాయడం రాని స్త్రీ అయితే ఆమె చెప్పింది రాసిపెట్టడానికి కమిటీ సాయం చెయ్యాలి. ఇది దయ కాదు, చట్టం పెట్టిన విధి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఆమె కోరితే రాజీ ప్రయత్నం చెయ్యొచ్చు గానీ డబ్బు తీసుకుని రాజీ కుదర్చడానికి వీల్లేదు. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీలు చేసేది సరిగ్గా ఇదే కాబట్టి ఈ నిబంధనను అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకటి: ఫిర్యాదును రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు.

కులం ఎక్కడ అడ్డుపడుతుంది

మరి ఇంత ఉన్నా కలుపు తీసే స్త్రీ ఆ కమిటీ దాకా ఎందుకు వెళ్లదు? ఆమెకు తెలియకపోవడం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. ఆసామి చేలో పని, ఆసామి ఇచ్చిన అప్పు, పశువుల మేతకు ఆసామి గట్టు, భర్త చేసే జీతం అన్నీ ఒకే చేతిలో ఉంటాయి. ఆఫీసులో ఫిర్యాదు చేసిన స్త్రీ తన ఉద్యోగం పోతుందని భయపడుతుంది. ఇక్కడ ఫిర్యాదు చేస్తే పేట మొత్తాన్ని పనికి రావద్దంటారు. “నోరు తెరిస్తే రేపు ఎవరి చేలోకి పోతాం?” అనేది పిరికిమాట కాదు, అనుభవం నేర్పిన లెక్క. కూలి బంద్ చెయ్యడం, దారి మూసెయ్యడం, వెలివెయ్యడం మన ఊళ్లలో పాత ఆయుధాలు. షెడ్యూల్డ్ కులాల మీద అలాంటి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా ఇప్పుడు అత్యాచార నిరోధక చట్టం కింద నేరమే.

స్థానిక కమిటీ కూర్పులోనూ ఒక చిక్కు ఉంది. నామినేట్ అయ్యే సభ్యుల్లో కనీసం ఒకరు షెడ్యూల్డ్ కులం, తెగ, వెనుకబడిన తరగతి, లేదా మైనారిటీకి చెందిన స్త్రీ అయి ఉండాలని చట్టం అంటుంది. నాలుగు సమూహాలకూ కలిపి ఒక్క కుర్చీ! దళిత స్త్రీ ఉండి తీరాలన్న నియమం లేదు. పైగా విచారణలో కులం గురించి అడగాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు. దాని దృష్టిలో బాధితురాలు స్త్రీ మాత్రమే.

అత్యాచార నిరోధక చట్టంలో కులం ఉంది. 1989 నాటి ఆ చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఆమె షెడ్యూల్డ్ కులం లేదా తెగ స్త్రీ అని తెలిసి, ఆ కులాలకు చెందనివాడు ఆమె ఇష్టం లేకుండా లైంగికంగా తాకినా, లైంగిక అర్థం వచ్చే మాటలాడినా, సైగలు చేసినా 3(1)(డబ్ల్యు) సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. 2018 సవరణ ప్రకారం ఎఫ్ఐఆర్ నమోదుకు ముందస్తు విచారణ అక్కర్లేదు. దీనికి 3 నెలల గడువు లాంటిది లేదు. స్థానిక కమిటీకి వెళ్లినంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. రెండూ కలిపి నడపొచ్చు.

కులం, స్త్రీత్వం విడివిడిగా ఉండవన్న సంగతిని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పటాన్ జమాల్ వలీ కేసులో ఒప్పుకుంది. బాధితురాలు చూపులేని షెడ్యూల్డ్ కులపు యువతి. కులం, లింగం, వైకల్యం కలిసి ఆమెను ఎలా ఒంటరిని చేస్తాయో కోర్టు వివరంగా చర్చించింది. అత్యాచారానికి శిక్షను ఖాయం చేసింది. అయితే కులం వల్లే ఆ నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదని అత్యాచార నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. ఆ నేరం 2016 సవరణకు ముందుది. అప్పట్లో ‘కులం కారణంగా’ అని రుజువు చెయ్యాలి, ఇప్పుడు ‘కులం తెలిసి’ అంటే చాలు. ఫిర్యాదు రాసేటప్పుడే వేధించినవాడికి ఆమె కులం తెలుసన్న విషయాన్ని స్పష్టంగా రాయించాలని ఈ కేసు మనకు నేర్పుతుంది.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన మాట కూడా ఒకటుంది. వేధించేవాడు మన పేటవాడైన మేస్త్రి అయితే అత్యాచార నిరోధక చట్టం వర్తించదు. 2013 చట్టం వర్తిస్తుంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 75వ సెక్షన్ వర్తిస్తుంది. “కులం పరువు పోతుంది, ఊరుకో” అని ఆమె నోరు మూయించడం ఆసామి చేసే పనినే మనం చెయ్యడం అవుతుంది. దళిత స్త్రీలు 1995లో తమ జాతీయ సమాఖ్యను విడిగా ఏర్పరచుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అగ్రకుల స్త్రీల ఉద్యమంలో కులం, మగవాళ్లు నడిపే దళిత ఉద్యమంలో స్త్రీ, రెండూ మరుగున పడ్డాయని వాళ్లు అన్నారు.

సమాన కూలి సంగతి

గౌరవాన్ని కూలి నుంచి వేరు చేసి చూడలేం. రాజ్యాంగం 39(డి) అధికరణ స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అన్నది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. అది ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. కానీ పొలంలో జరిగేది చూడండి. నాట్లు, కలుపు, పత్తి తీత ఆడవాళ్లవి. అరక, మందు కొట్టడం, మూటలు మొయ్యడం మగవాళ్లవి. పనులే వేరంటారు కాబట్టి ‘ఒకే పని’ అనే పోలికకు చోటు దొరకదు. రోజంతా నడుము వంచి బురదలో నిలబడడం తేలికపనిగా లెక్కకొస్తుంది! పట్టణంలో చీపురు ఆమె చేతికొస్తుంది, చెత్తబండి స్టీరింగు అతని చేతికొస్తుంది. ఏ పని బరువైంది, ఏది నైపుణ్యం అని తేల్చేది పని స్వభావం కాదు, చేసే మనిషి ఎవరన్నదే.

బడి వంట ఇంకో ఉదాహరణ. మధ్యాహ్న భోజనం వండడానికి దళిత, ఆదివాసీ స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. పిల్లలు కలిసి కూర్చుని దళిత స్త్రీ వండిన అన్నం తినడం అంటరానితనం మీద దెబ్బ. అయితే ఆ పనికి కేంద్రం 2009లో నిర్ణయించిన మొత్తం నెలకు 1000 రూపాయలు. దానికి పెట్టిన పేరు వేతనం కాదు, గౌరవ వేతనం. గౌరవం అనే మాట పక్కన చేరేసరికి వేతనం చిన్నదైపోయింది.

1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి సదుపాయం బిల్లును అంబేద్కర్ సమర్థించారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశం మేలు కోసమే కాబట్టి ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మొయ్యాలని ఆయన వాదన. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. నాట్లు వేసే స్త్రీకి ఆ 26 వారాల జీతం ఎవరిస్తారు? ప్రభుత్వమే బాధ్యత తీసుకోవాలన్న ఆనాటి మాట అందుకే ఈనాటికీ పాతబడలేదు.

మనం చెయ్యగలిగినవి

2013 చట్టం కింద కమిటీలు వెయ్యడంలో తీవ్రమైన లోపాలున్నాయని సుప్రీంకోర్టు 2023 మే నెలలో అంది. 2024 డిసెంబరులో మళ్లీ, ప్రతి జిల్లాలో అధికారిని, స్థానిక కమిటీని నియమించాలని గడువులు పెట్టి ఆదేశించింది. కాగితం మీద కమిటీ ఉండొచ్చు. అది మన మండలంలో ఎవరికి తెలుసన్నదే ప్రశ్న.

కార్యకర్తలు సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు అడగాలి: మా జిల్లా స్థానిక కమిటీ సభ్యులెవరు? వాళ్లలో షెడ్యూల్డ్ కులాల స్త్రీలు ఎందరు? మా మండల నోడల్ అధికారి ఎవరు? వచ్చిన పేర్లను పంచాయతీ గోడ మీద, కూలీలు ఆటో ఎక్కే అడ్డా దగ్గర రాయాలి. టీచర్లు బడి వంట కార్మికులకు ఈ చట్టం చదివి వినిపించాలి. విద్యార్థులు తమ అమ్మలు పనికి వెళ్లే చోట ఏం జరుగుతోందో విని, తేదీ, చోటు, సాక్షుల పేర్లతో రాసి పెట్టాలి. మూడు నెలల గడువు ఉన్నచోట ఆ తేదీయే కేసును నిలబెడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఫిర్యాదు చేసిన స్త్రీకి మర్నాడు కూలి ఎలాగన్నది ముందే ఆలోచించడం. ఆమె ఒక్కతే వెళ్తే ఆసామి ఆమెనే ఆపుతాడు. ముఠా మొత్తం ఆమె వెంట ఉంటే నాట్ల అదనులో అందరినీ ఆపడం అతనికీ కష్టమే. చట్టానికి బలం అక్కడి నుంచి రావాలి. అందుకే సంఘం ముందు ఉండాలి, ఫిర్యాదు దాని వెనక నడవాలి.