విన్న సంగీతము, కట్టిన మేళము

రేడియో సూదిని ఒక కేంద్రము నుండి మరియొక కేంద్రమునకు త్రిప్పుచుండగా, నడుమ ఒక్కొక్కప్పుడు బండలు దొర్లినట్లుండు గిటారు ధ్వని వినవచ్చును. చాలమంది వెంటనే సూదిని ముందునకు జరిపివేయుదురు. మేమును మొదట అట్లే చేసితిమి. ఇది వాద్యమా, కర్మాగారమా అని అనుకొంటిమి. ఆ మాట పూర్తిగా అన్యాయమైనది కాదని తరువాత తెలిసినది. ఈ సంగీతమునకు ‘హెవీ మెటల్’ అని పేరు. అనగా బరువైన లోహము. దాని పుట్టుకలో ఇనుపరేకులు మలచు ఒక కర్మాగారమునకు నిజముగనే పాలు కలదు.

ఈ సంగీతమునకు ఆద్యులని చెప్పదగినవారిలో ముందు పేర్కొనవలసిన గిటారు వాదకుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరవాసియైన టోనీ అయోమీ. ‘బ్లాక్ సాబత్’ అను మేళమునకు ఆయన మూలస్తంభము. ఒక వాదకుని గురించి మాట వచ్చినపుడు ఆయన ఎవరి బాణీ పట్టెను, ఎవరిని విని నేర్చెను అని అడుగుట మనకు అలవాటు. అయోమీ విషయమున ఆ ప్రశ్నకు లభించు జవాబు వింతగా నుండును. ఆయన ప్రేమించి విన్నవారెవ్వరును ఆయనవలె వాయించినవారు కారు. వారి వాద్యము తేట, ఈయనది చిక్కన. వారిది పరుగు, ఈయనది ఏనుగు నడక. విన్నది యొకటై చేతినుండి వచ్చినది వేరొకటి యగుటకు కారణమేమి? దానిని విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

అయోమీ 1948 ఫిబ్రవరి 19వ తేదీన జన్మించెను. ఇటలీ దేశమునకు చెందిన వంశము. ఇంటిలోను బంధువులలోను అకార్డియను వాయించువారుండిరి. అది మన హార్మోనియమునకు దగ్గరి చుట్టమని చెప్పవచ్చును. బాలుడు డ్రమ్ములు కావలెనని కోరగా, అంత సద్దు ఇంటిలో పనికిరాదని పెద్దలు అతనికిని అకార్డియనే యిచ్చిరి. అటుపిమ్మట ‘షాడోస్’ అను ఆంగ్ల మేళము అతని చెవిని బడెను. 1960లో వెలువడిన వారి ‘అపాచీ’ అను గతి ఆ దేశమున ఎందరో కుర్రవాండ్రచేత గిటారు పట్టించినది. అందు గాయకుడు లేడు. హ్యాంక్ మార్విన్ గిటారే పాడును. ఒక్కొక్క స్వరము నీటిలోని గులకరాయివలె విడిగా, స్వచ్ఛముగా తోచును. అయోమీకి తొలి గురువు ఆ ధ్వనియే. అతడు ఎడమచేతి వాటమువాడు. కనుక ఎడమచేత తీగలను మీటుచు కుడిచేతి వ్రేళ్ళతో మెట్లపై నొక్కుచుండెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

పదునేడవ యేట అతడు రేకుల కర్మాగారమున పనిచేయుచుండెను. ఒక మేళముతో జర్మనీ వెళ్ళుటకు అవకాశము రాగా ఉద్యోగము మానుకొనెను. చివరి దినమున మధ్యాహ్న భోజనమునకు ఇంటికి వచ్చి, ఇక తిరిగి పోనవసరము లేదని తలచెను. పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపెను. ఆ పూట ఎవరో రాకపోవుటచే, ఇతనికి అలవాటు లేని రేకులు నొక్కు యంత్రము ముందు నిలిపిరి. యంత్రము చేతిమీదికి దిగినది. అతడు అదరిపడి చేతిని వెనుకకు లాగగా నడిమి వ్రేలి కొనయు ఉంగరపు వ్రేలి కొనయు ఊడిపోయినవి. అవి కుడిచేతి వ్రేళ్ళు. అనగా మెట్లపై స్వరము పలికించు వ్రేళ్ళు. గిటారు మాటయే మరచిపొమ్మని వైద్యులు చెప్పిరి.

అతడు ఇంట దిగులుతో కూర్చుండగా కర్మాగారపు పైయధికారి యొకడు ఒక గ్రామఫోను రికార్డు తెచ్చి వినుమనెను. గిటారు వినుటకే మనసొప్పని స్థితిలో నున్న కుర్రవాడు వలదనెను. బలవంతముమీద విని, బాగున్నదనెను. ఆ వాయించువాని చేతిలో రెండే వ్రేళ్ళు సరిగా పనిచేయునని అధికారి అప్పుడు చెప్పెను. ఆ రికార్డు జాంగో రైన్‌హార్ట్‌ది. బెల్జియములో పుట్టిన ఈ జిప్సీ వాదకుని బండి 1928లో అగ్నిప్రమాదమునకు గురికాగా ఎడమచేతి ఉంగరపు, చిటికెన వ్రేళ్ళు ముడుచుకొనిపోయినవి. ఆ చేతితోనే అతడు 1934లో స్తెఫాన్ గ్రాపెల్లి అను వయొలిను వాదకునితో కలసి పారిసులో కూర్చిన మేళము ఐరోపా జాజ్ సంగీతమునకు వన్నె తెచ్చినది. అతని వాద్యము మెరుపువలె సాగును.

అయోమీ జాంగో బాణీని అనుకరింపలేదు. ఎవరికైనను అది సులభము కాదు. జాంగోనుండి అతడు గ్రహించినది బాణీ కాదు, ధైర్యము. వాయించుటకు సాధ్యమగునని తెలిసినది; ఎట్లు వాయించుటయో తానే కనుగొనవలసి యుండెను. ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండలు చేసి, టంకము వేయు కడ్డీని కాల్చి వానిలో గుంటలు చేసి, ఆకురాయితో అరగదీసి, దర్జీవాండ్రు పెట్టుకొను తొడుగులవంటి వానిని రెంటిని తయారుచేసెను. ప్లాస్టిక్ తీగపై జారిపోవుచుండుటచే పాత కోటు నుండి కత్తిరించిన తోలుముక్కలను వానికి అంటించెను. వీణ వాయించువారి వ్రేళ్ళ కొనలు కాయలు కాచియున్నను తీగ ఎంత బిగువుగా నున్నదో వానికి తెలియును. అయోమీకి ఆ స్పర్శ పోయినది. ఎంత నొక్కినది చెవియే చెప్పవలెను.

తీగలు బిరుసుగా నుండుటచే నొక్కుటయు, ప్రక్కకు లాగి స్వరమును పెంచుటయు బాధాకరమయ్యెను. ఆ కాలమున సన్నని గిటారు తీగలు అక్కడ దొరకకపోవుటచే, పై రెండు తీగల స్థానమున బాంజో తీగలను బిగించి, తక్కిన వానిని ఒక్కొక్క మెట్టు క్రిందికి మార్చుకొనెను. నాలుగైదు స్వరములను ఒక్కమారు పట్టవలసిన నిండు స్వరమేళనములు ఆ చేతికి కష్టము. చూపుడు వ్రేలును చిటికెన వ్రేలును చెక్కుచెదరక యుండెను గనుక ఆ రెంటితో షడ్జమును పంచమమును మాత్రము పట్టుట మేలుగా నుండెను.

ఈ షడ్జ పంచమముల సంగతి కొంత వివరింపవలసియున్నది. రేడియో గొంతును పూర్తిగా పెంచినపుడు గాయకుని కంఠము చిట్లి గరగరలాడుట మనమందరమును ఎరుగుదుము. యంత్రము తన శక్తికి మించి ధ్వనిని పెంచబోవుటయే దానికి కారణము. మన ఇండ్లలో దోషమైన ఆ చిట్లుటనే ఈ వాదకులు కావలెనని తెప్పింతురు. అట్లు చిట్లిన ధ్వనిలో రెండు స్వరములు కలసినపుడు ఆ రెంటి భేదమునకు సరిపడు మూడవ స్వరము పుట్టును. షడ్జము సెకనునకు 200 కంపనములనుకొందము, పంచమము 300. భేదము 100. అది మొదటి షడ్జమునకు క్రింది స్థాయిలోని షడ్జమే! కనుక ఎవ్వరును మీటని ఒక మంద్రస్వరము అడుగున మ్రోగి, వాద్యము ఉన్నదానికంటె పెద్దదిగా తోచును. గాంధారమును కూడ చేర్చినచో ఇటువంటి మిశ్రమస్వరములు పలువిధములుగా పుట్టి, గిటారు మెట్ల విభజన వలన అవి సరిగా పొసగక, ధ్వని కలగాపులగమగును. షడ్జ పంచమములు తంబురా శ్రుతి అని వేరుగా చెప్పనక్కరలేదు. గాయపడిన చేతికి సులభమైనదే చిట్లిన ధ్వనికి బలమైనదయ్యెను. ఆ స్వరయుగ్మమును బ్లూస్ వాదకులు అంతకుముందే వాడియున్నారు గాని, దానిపైనే ఒక మేళమును నిలబెట్టుట వేరు.

ఇక మేళము కథ. అయోమీయు బిల్ వార్డ్ అను డ్రమ్ము వాదకుడును ఉండిన ‘మైథాలజీ’ అను మేళము 1968లో చెదరిపోయెను. గాయకుని కొరకు వెదకుచుండగా ఒక వాద్యముల దుకాణమున ఓజీ అనువాని ప్రకటన కనబడినది. ఆ పేరుగలవాడు తన బడిలో నుండెనుగాని వానికి పాటరాదే అని అయోమీ సందేహించెను. పోయి తలుపు తట్టగా వచ్చినది అతడే, ఓజీ ఆస్‌బోర్న్. అయోమీ వెనుదిరిగెను. కొలది దినములకు ఓజీయు, అతని మిత్రుడు గీజర్ బట్లరును డ్రమ్ము వాదకుని కొరకు వెదకుచు అయోమీ ఇంటికే వచ్చిరి. అట్లు కలిసినది ఆ నలుగురి ముడి. గీజర్ అంతవరకు గిటారు వాయించినవాడు. క్రొత్త మేళమున మంద్రతీగల బేస్ గిటారునకు మారెను. మొదట మేళమున ఆరుగురుండిరి. తీగలపై గొట్టము జార్చి వాయించు మరియొక గిటారును, సాక్సోఫోనును గూడ నుండెను. అవి అడ్డమని తక్కినవారికి తోచెను గాని పొమ్మని చెప్పుటకు నోరు రాలేదు. మేళమునే రద్దుచేసినామని చెప్పి, పిదప నలుగురే మరల కూడిరి. ఇది అంత మెచ్చదగిన పని యని మేమనము. కాని దాని ఫలము పెద్దది. రెండవ గిటారు లేకుండుటచే ఖాళీ అంతయు అయోమీయే నింపవలసి వచ్చెను. గీజర్ అతని వెంట అవే స్వరములను క్రింది స్థాయిలో వాయించెను.

1968 డిసెంబరులో అయోమీకి ‘జెత్రో టల్’ అను పేరుగల మేళమున స్థానము దొరకినది. కొలది దినములే అచట నుండెను. అచ్చట ఉద్యోగివలె నుండుట అతనికి రుచింపలేదు. కాని ఒక్క సంగతి మనసున నాటినది. వారు ఉదయము తొమ్మిది గంటలకే సాధనకు కూర్చుండెదరు. తిరిగివచ్చి తనవారిని గూడ ప్రొద్దుననే లేపి సాధనకు కూర్చుండబెట్టెను. మా దృష్టిలో అయోమీకి కలిగిన సంగీత ప్రభావములలో ఇదియు నొకటి. సంగీత విమర్శకులు దీనిని ఎన్నడును లెక్కలో వేయరు.

మరియొక ప్రభావము ప్రక్కవాని చేతి మీదుగా వచ్చినది. ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ 1914-17 నడుమ రచించిన ‘గ్రహములు’ అను కృతిలో అంగారకునికి చెందిన భాగము గీజరునకు ప్రియము. అందలి ప్రధాన వరుస షడ్జమునుండి పంచమమునకు లేచి ప్రతిమధ్యమమునకు దిగును. గీజర్ దానిని సాధనలో వాయించుచుండెను. మరునాడు అయోమీ మూడు స్వరముల వరుసతో వచ్చెను: షడ్జము, పైస్థాయి షడ్జము, నడుమనున్న ప్రతిమధ్యమము. అంతే. సప్తకమున షడ్జమునకు సరిగా నట్టనడుమ నుండు ఈ స్వరమును పాశ్చాత్య శాస్త్రకారులు అపశ్రుతిగా నెంచి సైతాను స్వరమని పేరిడిరి. చర్చి దానిని నిషేధించెనను కథ ప్రచారమున నున్నది గాని దానికి సరియైన ఆధారము లేదు. మనకు 72 మేళకర్తలలో 36 ప్రతిమధ్యమ మేళములే కదా! కల్యాణిలో దానికంటె కమ్మనైన స్వరమేది? అక్కడ ఇరుప్రక్కల నున్న గాంధార పంచమములు దానిని ఆదరించును. అయోమీ వరుసలో దానికి తోడెవ్వరును లేరు. బోడి షడ్జముపై ఒంటరిగా, మెల్లగా మ్రోగుటచే వినువారికి ఒడలు జలదరించును. ఒకే స్వరము ఒకచోట వెన్నెల, మరియొకచోట చీకటి.

అంతవరకు వారి మేళమునకు ‘ఎర్త్’ అని పేరు. అదే పేరుతో మరియొక మేళముండుటచే మార్పు అవసరమయ్యెను. ‘బ్లాక్ సాబత్’ అనునది 1963 నాటి ఒక భయానక చలనచిత్రము పేరు. భయపడుటకు జనము డబ్బిచ్చి వరుసలు కట్టుదురే, భయపెట్టు సంగీతమేల ఉండరాదు అని వారికి తోచెనట. 1969లో ఆ పేరు పెట్టుకొనిరి. అదే సంవత్సరము అక్టోబరులో లండనులోని ఒక స్టూడియోలో, కచేరీవలె వాయించి, తొలి రికార్డును ఒక్క దినమున ముగించిరి. అది 1970 ఫిబ్రవరి 13వ తేదీ శుక్రవారమునాడు వెలువడినది. ఆ దేశస్థులు ఆ తిథివారముల కలయికను అశుభమందురు. విమర్శకులు చీదరించుకొనిరి; జనము కొనిరి.

1971 నాటి మూడవ రికార్డులో అయోమీ కొన్ని పాటలకు శ్రుతిని మూడు అరస్వరములు దించెను. తీగ వదులైనచో వ్రేళ్ళకు నొప్పి తగ్గును. ధ్వని మరింత క్రిందికి, మరింత బరువుగా పోవును. నేడు ఎందరో వాదకులు నిండు వ్రేళ్ళుండియు శ్రుతిని దించియే వాయించుచున్నారు. వారిలో ఇది ఒక కర్మాగార ప్రమాదమునుండి వచ్చిన అలవాటని ఎరిగినవారు ఎందరో మేము చెప్పలేము. మార్విన్ తేటదనము గాని జాంగో పరుగు గాని అయోమీలో లేవని మొదట అంటిమి. నెమ్మదిగా వినినచో ఒకటి కనబడును: అంత సద్దులోను అతని స్వరములు ఒకదానిలోనొకటి అలుకుకొనిపోవు. అది షాడోస్ ఇంటి చలువయే అని మా అభిప్రాయము.

బర్మింగ్‌హామ్‌లో ఆ నలుగురు పెరిగిన ఆస్టన్ పేటలో విల్లా పార్క్ అను ఫుట్‌బాలు మైదానము కలదు. 2025 జూలై 5వ తేదీన వారు అచ్చట కడపటిసారి కలిసి వాయించిరి. నిలువ శక్తిలేని ఓజీ ఎత్తైన ఆసనమున కూర్చుండి పాడెను. అదే నెల 22వ తేదీన అతడు కన్నుమూసెను. ఆనాటి కచేరీలో అయోమీ వయసు డెబ్బదియేడు. కుడిచేతి రెండు వ్రేళ్ళకును తొడుగులుండెను.