పొయ్యి ఊదిన నాగలి

ఇలా రండి బిడ్డలారా, ఇవాళ ఒక పరీక్ష చేద్దాం. రెండు గాజు గ్లాసుల నిండా నీళ్లు పట్టండి. మన యాప్రాల్‌లో అపార్ట్‌మెంట్లు ఎన్ని లేచినా, మట్టికి ఇంకా కొదవ లేదు. పార్కులో మాటిమాటికీ పారతో తిరగేసే పూలమడి నుంచి ఒక పెడ్డ, ప్రహరీ పక్కన ఏళ్ల తరబడి ఎవరూ తవ్వని వేపచెట్టు కింద నుంచి ఒక పెడ్డ తెండి. రెండింటినీ నీడలో ఆరబెట్టి మెల్లగా నీళ్లలోకి వదలండి. మడిలోది బుడబుడమని గాలి వదిలి, చూస్తుండగానే విడిపోయి అడుగున బురదై కూర్చుంటుంది. చెట్టు కిందిది మామూలుగా చాలాసేపు పెడ్డలాగే నిలుస్తుంది. రెండూ గ్రానైటు చివికి పుట్టిన ఎర్ర చల్కే కదా, మరి ఈ తేడా ఏంది?

ఆ పెడ్డను పట్టి ఉంచేది అందులో బతికే ప్రాణులు. మంచి మట్టి ఒక్క గ్రాము తీసినా కోట్లాది బ్యాక్టీరియా ఉంటాయి. వాటికి తోడు వెంట్రుక కన్నా సన్నని బూజు దారాలు. మైకోరైజా అనే రకం బూజు మొక్క వేళ్లలోనే కాపురం పెడుతుంది. మొక్క దగ్గర చక్కెర పుచ్చుకుని, వేరు చేరలేని సందుల్లోంచి భాస్వరం, నీళ్లు తెచ్చిస్తుంది. ఈ బూజు నుంచి వచ్చే జిగురులాంటి పదార్థాన్ని 1996లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే సారా రైట్ గుర్తించి గ్లోమాలిన్ అని పేరు పెట్టింది. అది అచ్చంగా ఏమిటన్నది సైంటిస్టులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, వాదించుకోనీండి. బూజు దారాలూ బ్యాక్టీరియా వదిలే బంకా కలిసి మట్టి రేణువుల్ని ముద్దలుగా కడతాయన్నది మాత్రం ఖాయం. ఆ ముద్దల సందుల్లోనే నీళ్లూ గాలీ నిలుస్తాయి.

ఇప్పుడు దుక్కి సంగతి. నాగలి దిగితే ఆ దారాలు తెగుతాయి. అంతకన్నా పెద్ద సంగతి, లోపలికి ఒక్కసారిగా గాలి చొరబడుతుంది. ఆరబోతున్న పొయ్యిని గొట్టంతో ఊదినట్టే! బ్యాక్టీరియా రెచ్చిపోయి, ముద్దల్లో దాగున్న ఆకు, వేరు, పేడ తాలూకు మిగులునంతా తినేస్తాయి. అందులోని కార్బన్ బొగ్గుపులుసు వాయువై పోతుంది, నత్రజని మొక్కకు అందుతుంది. అందుకే కొత్తగా దున్నిన చేను నిగనిగలాడుతూ లేస్తుంది. రైతు కంటికి కనబడేది ఆ పచ్చదనమే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. తగ్గిన నిల్వ తెలిసేది ఏళ్లు గడిచాకనే.

పాత కర్ర నాగలి మట్టిని చీల్చేది గాని తిరగేసేది కాదు. గొర్రు, గుంటక పైపైనే గీకేవి. ట్రాక్టరు వెనక రోటవేటర్ అలా కాదు, మట్టిని పిండి చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, ఒక్క పెద్దవాన పడి ఆ పిండి పైన పెచ్చు కట్టిందాకా. పదేపదే అదే లోతున తిరిగితే బ్లేళ్ల కింద గట్టి పొర కూడా ఏర్పడి, వేళ్లు దిగవు.

అట్లయితే దున్నడం మానేస్తే పోలేదా? కృష్ణా, గుంటూరు మాగాణుల్లో మానేసినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వరి ఇంకా కోతకు ముందే, చేలో తడి ఉండగా మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి మొలకలు లేస్తాయి, నాగలితో పనే లేదు. తెగుళ్లతో మినుము దెబ్బతినడం మొదలయ్యాక, గుంటూరు వైపు చాలామంది అదే పొలంలో దున్నకుండా గుంతలు వేసి మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టారు. కలుపు కోసం మందు కొట్టాల్సి రావడం మాత్రం నాకు నచ్చదు.

అది డెల్టా రేగడి. మన చల్కలో ఇదే పని గుడ్డిగా చేస్తే బోల్తా పడతాం. 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో ఎర్ర నేలల మీద ఈ సంగతి చూశారు. దున్నకుండా బోసిగా వదిలేస్తే చినుకుల దెబ్బకు పైన పెచ్చు కట్టి, వాన నీళ్లు ఇంకకుండా పారిపోయాయి. గడ్డి పరిస్తే పారేది బాగా తగ్గింది. నన్నడిగితే, నాగలిని తిట్టేముందు నేల బోసిగా ఉందా, కప్పి ఉందా అని చూడాలి. కప్పితే చినుకు దెబ్బ తగలదు, కింది ప్రాణులకు తిండీ దొరుకుతుంది. గుల్ల చేసే పని వానపాములు చూసుకుంటాయి. డార్విన్ అంతటివాడు 1881లో వానపాముల మీద ఒక పుస్తకమే రాశాడు!

మన పక్కనే అల్వాల్‌లో చింతల వెంకటరెడ్డి గారనే రైతు ఉన్నారు, 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది వేరే దారి: లోతు నుంచి మట్టి తీసి పైమట్టికి ఎరువుగా వేస్తారు. నేల కదపొద్దనేవాళ్లకు ఇది వింతగా తోచొచ్చు. కానీ చల్కలో బంకమన్ను వానలకు కిందికి దిగి పోగవుతుంది, పైన ఇసుక పాలు మిగులుతుంది. బంకమన్ను ఉన్నచోటే తేమ, సూక్ష్మజీవులు నిలదొక్కుకుంటాయి. మన పెద్దలు బండ్ల మీద చెరువుమట్టి తోలి చేలకు వేసిందీ, 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీసి పొలాలకు తరలించిందీ ఇందుకే. లోతుమట్టిలో బతుకు తక్కువ కాబట్టి, దాంతోపాటు పేడో ఆకో పడితేనే ఫలితమని నా లెక్క.

మన మేడమీది కుండీల మాటేమిటంటారా? వంగ కాపు అయిపోగానే మీ అమ్మ మొక్కను వేళ్లతో సహా పీకి మట్టంతా గుమ్మరిస్తుంది. ఈసారి మొదలు దగ్గర కత్తిరించి వేళ్లు అందులోనే ఉంచమనండి. పైన ఎండుటాకులు పరిచి, పక్కన వేలెడు గుంత చేసి కొత్త నారు పెట్టండి.