ఎనిమిది లివర్ల తాళం, రెండు నిమిషాల ఆయుష్షు

మైన్‌క్రాఫ్ట్‌లో చెక్క తలుపును ఎవరైనా చేత్తో తీయొచ్చు. ఇనుప తలుపు అలా తెరుచుకోదు, దానికి రెడ్‌స్టోన్ సంకేతం అందాలి. ఆ సంకేతం ఏ మీట నొక్కితే, ఏ వరసలో నొక్కితే అందాలో నిర్ణయించేది ఇల్లు కట్టుకున్న ఆటగాడే. తాళాల తయారీ అక్కడ మొదలవుతుంది. బూలియన్ తర్కం అన్న పేరు కూడా వినని పిల్లలు ఎందరో ఆ తర్కాన్నే గోడల వెనక కట్టి చూపిస్తున్నారు.

స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009 మేలో ఈ ఆటను మొదటిసారి జనం ముందు పెట్టారు. పూర్తి రూపం 2011 నవంబరులో వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఈ ఆటను తయారుచేసే కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2023 నాటికి 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఆటలో లోకమంతా దిమ్మెలే. తవ్వుకోవాలి, పేర్చుకోవాలి, దాచుకోవాలి. ఒక్కరే ఆడుకుంటే రాత్రిళ్లు వచ్చే జాంబీలతోనే గొడవ. పదిమంది ఒకే సర్వర్‌లో ఉంటే మాత్రం భయం తోటి ఆటగాడి నుంచి. వారాల తరబడి కూడబెట్టిన వజ్రాలు పెట్టెలో ఉంటాయి. యజమాని ఆట ఆపేసి బడికో ఆఫీసుకో వెళ్లిపోతాడు. సర్వర్ నడుస్తూనే ఉంటుంది.

అందుకే తాళం కడతారు. కట్టేవాళ్లలో చాలామంది తమ తాళానికి ఎన్ని కోడ్‌లు వస్తాయో లెక్కవేసుకుని తృప్తిపడతారు. తప్పు కోడ్ కొట్టినవాడికి ఎంత సమయం వృథా అవుతుందన్నది ఎక్కువమంది లెక్కలోకే రాదు. తాళం నిలిచేదీ పోయేదీ ఈ రెండో లెక్క మీదే.

ముందు రెడ్‌స్టోన్ సంగతి. 2010లో ఆటలోకి వచ్చిన ఎర్రటి పొడి ఇది. నేల మీద చల్లితే తీగలా పనిచేస్తుంది. సంకేతం 15 బలంతో బయల్దేరి, దిమ్మె దిమ్మెకూ ఒకటి చొప్పున తగ్గుతూ పదిహేనో దిమ్మెతో ఆగిపోతుంది. రెడ్‌స్టోన్ దివిటీ దీనికి తలకిందులు. అది నిలిచిన దిమ్మెకు సంకేతం అందితే ఆరిపోతుంది, ఆగిపోతే వెలుగుతుంది. తీగ ‘అవును’ అంటే దివిటీ ‘కాదు’ అంటుంది. ఈ రెండూ చాలు, కంప్యూటర్ చేసే తర్కమంతా వీటితో కట్టొచ్చు.

కొత్తగా నేర్చుకున్నవారు మొదట కట్టేది లివర్ల తాళం. గోడ మీద ఎనిమిది లివర్లు ఉంటాయి, కొన్ని పైకి, కొన్ని కిందికి ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. మొత్తం 256 అమరికలు. వినడానికి బాగానే ఉంది. కానీ దొంగ ఒక్కో అమరికకూ ఎనిమిది లివర్లనూ మళ్లీ సర్దుకోనక్కర్లేదు. మూడు లివర్లతో చూడండి. మొదటిది, రెండోది, మొదటిది, మూడోది, మొదటిది, రెండోది, మొదటిది. ఈ వరసలో ఏడుసార్లు తిప్పితే ఎనిమిది అమరికలూ వచ్చేస్తాయి, ఒక్కటీ మిగలదు, ఒక్కటీ రెండోసారి రాదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే పేరు మీద దీన్ని గ్రే కోడ్ అంటారు, 1953లో ఆయనకు దీని మీద పేటెంట్ వచ్చింది. అదే పద్ధతిలో ఎనిమిది లివర్లకు 255 తిప్పులు చాలు. సెకనుకు రెండు తిప్పగలిగినవాడికి ఆ తాళం మొత్తం రెండు నిమిషాల పని.

లివర్లు వదిలేసి బటన్లు పెడితే? అమరికతో పాటు క్రమం కూడా కలుస్తుంది కదా అనిపిస్తుంది. అక్కడ ఇంకో చిల్లు ఉంది. చాలా బటన్ తాళాలు చివరగా నొక్కిన నాలుగింటినో మూడింటినో మాత్రమే చూస్తాయి. అంటే ప్రతి నొక్కూ పాత ప్రయత్నానికి ముగింపు, కొత్త ప్రయత్నంలో భాగం కూడా.

తెలుగు బడుల్లో ఛందస్సు చదివినవారికి ఈ కిటుకు తెలియకుండానే తెలుసు. యమాతారాజభానసలగం. గణాలు గుర్తుపెట్టుకోవడానికి నేర్పే ఈ పది అక్షరాల్లో ఏ మూడు వరస అక్షరాలు తీసుకున్నా ఒక గణం వస్తుంది. యమాతా అంటే య గణం, మాతారా అంటే మ గణం, అలా చివరి సలగం దాకా ఎనిమిది గణాలూ ఒక్కోసారి వస్తాయి. లఘువును ఎడమ బటన్ అనుకోండి, గురువును కుడి బటన్ అనుకోండి. రెండు బటన్లు, మూడు నొక్కుల తాళానికి కోడ్‌లు ఎనిమిది. విడివిడిగా ప్రయత్నిస్తే 24 నొక్కులు. ఈ అక్షరాల వరసలో వెళ్తే పది నొక్కుల్లో అన్నీ అయిపోతాయి. ఇలాంటి వరసలను గణితంలో డి బ్రయిన్ వరసలంటారు, 1946లో వాటి గురించి రాసిన డచ్ గణితవేత్త పేరు మీద. పది అంకెల మీటలతో నాలుగంకెల కోడ్ పెట్టినా కథ మారదు. పదివేల కోడ్‌లకు నలభైవేల నొక్కులు కావాలని యజమాని అనుకుంటాడు. నిజానికి 10,003 చాలు.

రెండు చిల్లులకూ మందు ఒకటే. కోడ్ సరిపోగానే తలుపు దానంతటదే తెరుచుకోకూడదు, విడిగా ఒక ‘సరే’ బటన్ ఉండాలి. అది నొక్కినప్పుడు కోడ్ తప్పయితే నొక్కినవన్నీ చెరిగిపోవాలి, తాళం కాసేపు ఎవరి మాటా వినకూడదు. ఏటీఎంలో పిన్ వరసగా తప్పితే కార్డు ఆగిపోవడం లాంటిదే ఇదీ. తప్పు ప్రయత్నానికి 30 సెకన్లు ఆపితే ఆ 256 అమరికల తాళమే రెండు గంటలకు పైగా నిలుస్తుంది. కోడ్‌ల సంఖ్య పెరగలేదు, దొంగ ఖర్చు పెరిగింది.

ఇప్పుడు గోడకు తగిలించే ఐటమ్ ఫ్రేమ్ తాళం దగ్గరికి వద్దాం. ఆటలో అందమైన తాళం ఇదేనని గట్టిగా చెప్పొచ్చు. ఫ్రేమ్‌లో ఒక బాణం పెడితే నొక్కినప్పుడల్లా గడియారం ముల్లులా తిరుగుతుంది, ఎనిమిది దిక్కులు చూపిస్తుంది. వెనక కంపారేటర్ అనే రెడ్‌స్టోన్ పరికరం పెడితే దిక్కును బట్టి 1 నుంచి 8 దాకా బలమున్న సంకేతం వస్తుంది. నాలుగు ఫ్రేములకు 4,096 కోడ్‌లు. ఒక ఫ్రేము కోడ్ 5 అనుకుందాం. కంపారేటర్ ముందు ఆరు దిమ్మెల మేర పొడి పరిస్తే ఐదో దిమ్మె వెలగాలి, ఆరోది వెలగకూడదు. ఈ రెండు షరతుల్లో ఏది తప్పినా ఒక ‘తప్పు’ సంకేతం పుట్టేలా అమర్చి, నాలుగు ఫ్రేముల తప్పులన్నిటినీ ఒకే తీగలో కలిపేస్తారు. ఆ తీగ చివర ఒక దివిటీ. ఎక్కడా తప్పు లేనప్పుడే అది వెలుగుతుంది, తలుపుకు సంకేతం వెళ్తుంది.

తప్పులన్నీ ఒకే తీగలో కలపడం ఇక్కడ ప్రాణం. ఫ్రేమును సరిగ్గా తిప్పగానే దాని వెనక దిమ్మెలను నెట్టే పిస్టన్ ఒకటి టక్కుమని కదిలిందనుకోండి, దొంగకు 4,096 ప్రయత్నాలు అక్కర్లేదు. ఒక్కో ఫ్రేముకు ఎనిమిది చొప్పున 32 చాలు. పైగా చెవి పెట్టి వినే శ్రమ కూడా లేదు. దగ్గర్లో మోగిన శబ్దాలను ఏ వైపు నుంచి వచ్చాయో సహా తెర మీద అక్షరాల్లో చూపించే సబ్‌టైటిల్స్ ఆటలోనే ఉన్నాయి. వాటిని వినికిడి సమస్య ఉన్నవారి కోసం ఉంచారు, ఉండాల్సిందే. తాళం కట్టేవాడే శబ్దం రాకుండా కట్టుకోవాలి. లోపలికి వెళ్లాక బాణాలను ఇష్టమొచ్చినట్టు తిప్పేయడం మరిచిపోతే ఇంత శ్రమా వృథా. కోడ్ గోడ మీద రాసి వెళ్లినట్టే.

ఇంత చేసినా తలుపు సంగతి చెప్పకపోతే పాఠకుణ్ని మోసం చేసినట్టవుతుంది. మామూలు వజ్రపు పికాక్స్‌తో ఇనుప తలుపు ఒక్క సెకనులో విరిగిపోతుంది. మట్టి గోడకు పికాక్స్ కూడా అక్కర్లేదు. గోడకు అబ్సిడియన్ అనే గట్టి రాయి వాడితే అదే పికాక్స్‌కు దిమ్మెకు తొమ్మిది సెకన్లకు పైగా పడుతుంది, టీఎన్‌టీ దాన్ని పగలగొట్టలేదు. కానీ పిస్టన్లు అబ్సిడియన్‌ను కదపలేవు, కాబట్టి తలుపు ఎప్పుడూ గోడ కన్నా బలహీనమే. స్థలాన్ని పేరు మీద రాయించుకుని, ఇతరులు దిమ్మెలు తవ్వకుండా, బటన్లు మాత్రం నొక్కేలా చేసుకోగల సర్వర్లలో కోడ్ తాళానికి పూర్తి విలువ ఉంటుంది. ఆ సదుపాయం లేనిచోట తలుపు ఎక్కడుందో కనిపించకుండా దాచడం తాళం కన్నా ముందు చేయాల్సిన పని.

బ్రిటన్‌కు చెందిన ఫేస్‌పంచ్ స్టూడియోస్ తయారుచేసిన రస్ట్ ఆటలో ఈ తిప్పలు లేవు. నాలుగంకెల కోడ్ తాళం తయారుగా దొరుకుతుంది, తప్పు కొడితే షాక్ కొట్టి ప్రాణం తగ్గిస్తుంది. తప్పుకు మూల్యం ఆట తయారీదారులే పెట్టేశారు. బలహీనత మిగిలింది మనిషి దగ్గర. 2012లో నిక్ బెర్రీ అనే గణాంక నిపుణుడు లీకైన 34 లక్షల నాలుగంకెల పాస్‌వర్డ్‌లు పరిశీలిస్తే, 1234 ఒక్కటే దాదాపు 11 శాతం తేలింది. బాగా వాడుకలో ఉన్న 20 కోడ్‌లు కలిపితే నాలుగో వంతు దాటాయి. 19తో మొదలయ్యే సంవత్సరాలూ చాలామందికి ఇష్టం. రస్ట్ ఆడేవాళ్లూ ఆ మనుషులే. షాక్‌కు తట్టుకుని ఇరవైసార్లు ప్రయత్నించే ఓపికున్న ముఠాకు పదివేల కోడ్‌లతో పనిలేదు.

సర్వర్‌లో జట్టు లేకుండా ఆడేవాడికి మైన్‌క్రాఫ్ట్‌లో తాళమే అక్కర్లేని దారి ఒకటుంది. ఎండర్ చెస్ట్ అనే పెట్టెను ఎవరు తెరిస్తే వారి సామానే కనిపిస్తుంది. ఇంకొకరు దాన్ని పగలగొట్టినా లోపలివి పోవు, యజమాని మరో ఎండర్ చెస్ట్ తెరిచి తీసుకోవచ్చు. అందులో 27 గడులు, ఒక్కో గడిలో మళ్లీ అన్నే గడులున్న షుల్కర్ బాక్స్ అనే పెట్టె పెడితే 729.

జట్టుగా ఆడేవారి ఉమ్మడి ఖజానాకు ఇది పనికిరాదు, అక్కడ కోడ్ తప్పదు. కోడ్ ఉన్నచోట జట్టు విడిచి వెళ్లేవాడు దాన్ని తెలుసుకునే వెళ్తాడు. అందుకని అనుభవమున్నవారు పొడిని లెక్కపెట్టి పరిచే పద్ధతి మానేసి, గోడ లోపల రహస్యంగా మరో నాలుగు ఫ్రేములు పెడతారు. బయటి ఫ్రేము సంకేతంలోంచి లోపలిదాన్ని ఒక కంపారేటర్, లోపలిదాంట్లోంచి బయటిదాన్ని ఇంకో కంపారేటర్ తీసేస్తాయి. రెండు చోట్లా సున్నా వస్తేనే రెండూ సమానం. కోడ్ మార్చాలంటే ఒక్క తీగనూ కదపక్కర్లేదు. లోపలికి వెళ్లి ఆ నాలుగు బాణాలు తిప్పి, కొత్త కోడ్ మిగిలినవారికి చెబితే సరి.