ఎనిమిది మిషన్లు మళ్లీ చూశా.. నా ర్యాంకులు ఇవీ!

‘మిషన్: ఇంపాజిబుల్’ మొదటి సినిమా 1996లో వచ్చింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఎనిమిదోది ‘ది ఫైనల్ రెకనింగ్’ 2025 మే నెలలో వచ్చేసరికి నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయింది. ఈ 29 ఏళ్లలో ఫోన్లు మారాయి, థియేటర్లు మారాయి, డైరెక్టర్లు మారారు. ఈథన్ హంట్ పాత్రలో టామ్ క్రూజ్ మాత్రం మారలేదు. అప్పుడూ పరిగెత్తాడు, ఇప్పుడూ పరిగెడుతూనే ఉన్నాడు.

రాత్రికొకటి చొప్పున ఎనిమిదీ వరసపెట్టి మళ్లీ చూశా. ఒక్కో సినిమాను విడిగా, ఏళ్ల తేడాతో చూసినప్పుడు తట్టని విషయం ఇలా చూస్తే తెలిసిపోయింది. ఈ సిరీస్‌లో స్టంట్ ఎంత పెద్దదన్నది లెక్కలోకే రాదు. ‘ఇది మాత్రం జరగకూడదు’ అని ముందే మనకు ఎంత స్పష్టంగా చెప్పారన్నదే లెక్క. అది తెలిస్తే ఒక్క చెమట చుక్కకు కూడా గుండె ఆగుతుంది. తెలియకపోతే విమానం పేలినా పాప్‌కార్న్ మీద నుంచి చెయ్యి లేవదు.

అందుకే ర్యాంకులకు నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే. ప్లాన్ ఏంటో మనకు అర్థమైందా? అది చెడిపోయినప్పుడు మనకు భయం వేసిందా? అంతే. చూడనివాళ్లకు ముందే చెబుతున్నా, కథలు బయటపడతాయి.

ఇంకో చిన్న ముచ్చట. ఇది అసలు అమెరికా టీవీ షో. 1966లో సీబీఎస్ ఛానెల్‌లో మొదలైంది. మనల్ని ఇప్పటికీ ఊపేసే ఆ ట్యూన్ లాలో షిఫ్రిన్ అప్పుడు చేసిందే. సరిగ్గా అదే ఏడాది మన దగ్గర సూపర్‌స్టార్ కృష్ణ ‘గూఢచారి 116’ చేశారు. స్పై పిచ్చి అప్పట్లో అన్ని ఊళ్లకూ ఒకేసారి పట్టిందన్నమాట.

సరే, కింద నుంచి పైకి వెళ్దాం.

8. మిషన్: ఇంపాజిబుల్ 2 (2000)

జాన్ వూ డైరెక్షన్. స్లో మోషన్‌లో పావురాలు, స్లో మోషన్‌లో జుట్టు, స్లో మోషన్‌లో బైకులు. 2000 సంవత్సరంలో ప్రపంచంలోనే ఎక్కువ వసూళ్లు చేసిన సినిమా ఇదే అంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. కథలో మంచి రూల్ ఒకటి ఉంది. కైమీరా వైరస్ ఒంట్లోకి వెళ్తే 20 గంటల్లోపు మందు పడాలి. హీరోయిన్ ఆ వైరస్‌ను తనకు తానే ఎక్కించుకుంటుంది. అక్కడి నుంచి మనకు చేతులు వణకాలి. కానీ ఆ గడియారాన్ని సినిమానే మర్చిపోయి బైకులెక్కేస్తుంది. పైగా రెండు సీన్లకోసారి ఎవరో ఒకరు మాస్క్ పీకేస్తుంటారు. ఎవరైనా ఎవరైనా కావచ్చు అన్నాక ఎవరికేమైతే మనకేంటి?

ఒక్క షాట్‌కు మాత్రం దండం పెట్టాలి. క్రూజ్ కంటికి పావు అంగుళం దూరంలో ఆగే కత్తి నిజం కత్తే. దానికి కేబుల్ కట్టి, కొలిచి తీశారు.

7. ది ఫైనల్ రెకనింగ్ (2025)

దాదాపు 2 గంటల 50 నిమిషాలు. మొదటి గంటంతా పాత సినిమాల క్లిప్పులు, వాటి మీద వివరణలు. ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని ఇంకొకరు పూర్తి చేస్తుంటారు. ప్రపంచాన్ని కాపాడటానికి ఏ వస్తువును ఏ వస్తువులో పెట్టాలో చివరిదాకా కొత్త కొత్తగా చెబుతూనే ఉంటారు. మా ఆఫీసులో రిలీజ్‌కు ముందు రోజు రిక్వైర్‌మెంట్ మారినట్టు!

మరి ఎనిమిదో స్థానం ఎందుకివ్వలేదంటే, మునిగిపోయిన సబ్‌మెరైన్ సీన్ కోసం. మాటల్లేవు. చీకటి, నీళ్లు, దొర్లే టార్పెడోలు, ఒక్క మనిషి. బయటికి రావాలంటే డైవింగ్ సూట్ కూడా విప్పేయాలి. ఆ కాసేపూ ఇది ఫస్ట్ ర్యాంక్ సినిమా. ఇందులోనే పాత సినిమాలోని ఓ చిన్న ఉద్యోగి కూడా తిరిగొస్తాడు. ఆయన సంగతి చివర్లో చెబుతా.

6. డెడ్ రెకనింగ్ పార్ట్ వన్ (2023)

విలన్ మనిషి కాదు, ‘ఎంటిటీ’ అనే ఏఐ. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నాకు ఎక్కువ ఆసక్తి ఇక్కడే. తెర మీద కనిపించేది, చెవిలో వినిపించేది ఏదీ నిజం కాకపోవచ్చు కాబట్టి, గూఢచారి సంస్థలో గదినిండా మనుషులు కూర్చుని ఫైళ్లను కాగితాల మీద టైప్ చేసే సీన్ ఒకటుంది. అది చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. వెనిస్ సందుల్లో ఈథన్ చెవిలో బెంజీ గొంతు దారి చెబుతుంటుంది. కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అని. ఆ గొంతు బెంజీది కాదు, ఎంటిటీది. తప్పు దారిని కూడా అంతే నమ్మకంగా, అంతే మర్యాదగా చెబుతుంది. రోజూ ఏఐ టూల్‌తో కోడ్ రాసేవాళ్లకు ఈ సీన్ బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తుంది.

సినిమా 2023 జులై 12న వచ్చింది. రెండు రోజులకే హాలీవుడ్ నటులు సమ్మెకు దిగారు. వాళ్ల డిమాండ్లలో ఏఐ కూడా ఒకటి. ఇంతకంటే సరైన టైమింగ్ ఉండదు. ఇక నార్వేలో కొండ అంచు నుంచి బైక్‌తో దూకిన స్టంట్‌ను షూటింగ్ తొలిరోజే తీసేశారు. సినిమా కొనసాగుతుందో లేదో ఆరోజే తేలిపోతుందన్నది క్రూజ్ లెక్క. మరి ఆరో స్థానం ఎందుకంటే, ఒక తాళంచెవి ఈ జేబు నుంచి ఆ జేబుకు మారుతూనే ఉంటుంది. ఇప్పుడది ఎవరి దగ్గరుందో గుర్తుపెట్టుకోవడమే మన పనైపోతుంది. రెబెకా ఫెర్గూసన్ చేసిన ఇల్సాను సాగనంపిన తీరు కూడా నాకు నచ్చలేదు. అంత మంచి పాత్రకు అంత హడావుడి వీడ్కోలా?

5. మిషన్: ఇంపాజిబుల్ 3 (2006)

జె.జె. అబ్రమ్స్‌కు డైరెక్టర్‌గా మొదటి సినిమా. మొదటి సీన్‌లోనే విలన్ హీరో భార్య తలకు తుపాకీ పెట్టి పది వరకు లెక్కపెడతాడు. రూల్ చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? ఆ విలన్ ఫిలిప్ సేమర్ హాఫ్‌మన్. అరవడు, ఊగిపోడు. బ్యాంక్ కౌంటర్‌లో విసుగొచ్చిన క్లర్కులా మాట్లాడతాడు. అదే భయం. ఈ సినిమాకు రెండు నెలల ముందే ‘కపోటీ’కి ఆయన ఆస్కార్ అందుకున్నారు. సిరీస్ మొత్తంలో ఇంతకు మించిన విలన్ లేడు.

షాంఘైలో ఎత్తైన బిల్డింగ్ మీదికి ఈథన్ ఊగుతూ దూకుతాడు. లోపల దొంగతనం ఎలా జరిగిందో మనకు చూపించరు. కెమెరా బయట టీమ్‌తోనే ఉండిపోతుంది. చిన్నప్పుడు టీవీలో చూసినప్పుడు సీన్ కట్ చేశారనుకున్నా. ఇప్పుడు చూస్తే అది ధైర్యం. కాకపోతే చివరి పావుగంట మామూలు కొట్లాటలా ముగిసిపోతుంది.

4. రోగ్ నేషన్ (2015)

క్రిస్టఫర్ మెక్‌క్వారీ ఈ సిరీస్‌లోకి డైరెక్టర్‌గా వచ్చింది దీంతోనే. ఆ తర్వాతి సినిమాలన్నీ ఆయనవే. పోస్టర్ మీద వేసింది గాల్లోకి లేస్తున్న విమానం పక్కన క్రూజ్ వేలాడే స్టంట్. అది నిజంగానే, ఎనిమిది సార్లు చేశాడు. కానీ అది టైటిల్స్‌కు ముందే అయిపోతుంది. నాకు ఊపిరి ఆడనిది మాత్రం నీళ్ల కింద సీన్.

సంగతేంటంటే, బెంజీ ఓ సెక్యూరిటీ గేటు దాటాలి. ఆ గేటు మొహం చూడదు, నడక చూస్తుంది. మాస్క్ పనికిరాదు. బెంజీ అక్కడికి చేరేలోపు ఈథన్ నీళ్లలోకి దూకి, ఊపిరి బిగబట్టి, సిస్టమ్‌లో కార్డు మార్చాలి. మారకపోతే బెంజీ పని అయిపోయినట్టే. రెండే ముక్కల్లో ప్లాన్ మొత్తం మనకు తెలిసింది. ఇక లోపల ఏ చిన్న తేడా వచ్చినా మన ఊపిరే ఆగుతుంది. వియన్నా ఆపెరా సీన్ కూడా అంతే. పాట ఏ స్వరానికి చేరితే తూటా పేలుతుందో మనకు ముందే తెలుసు.

3. ఘోస్ట్ ప్రోటోకాల్ (2011)

బుర్జ్ ఖలీఫా సినిమా అంటే అందరికీ తెలుస్తుంది. 828 మీటర్ల బిల్డింగ్, అద్దాల మీద పాకే మనిషి. యానిమేషన్ సినిమాలు తీసిన బ్రాడ్ బర్డ్‌కు మనుషులతో తీసిన మొదటి సినిమా ఇది. ఇందులో రూల్ పిల్లలకు కూడా అర్థమవుతుంది. చేతి గ్లవ్‌లో నీలం లైట్ ఉంటే అద్దానికి అతుక్కుంటుంది. ఎర్ర లైట్ వస్తే అంతే సంగతులు. ఇక ఎర్ర లైట్ రాకుండా ఉంటుందా?

ఈ సినిమాలో వస్తువులేవీ పనిచేయవు. గ్లవ్ చెడిపోతుంది, తాడు సరిపోదు, మాస్కులు చేసే మెషీన్ మొరాయిస్తుంది. దాంతో మాస్కుల్లేకుండా సొంత మొహాలతోనే వెళ్లి అవతలివాళ్లను నమ్మించాల్సి వస్తుంది. రెండో సినిమాలో మాస్క్ ఎంత చవకైపోయిందో, ఇక్కడ అది లేకపోవడం అంత విలువైనది. డెమో మొదలయ్యే టైమ్‌కు సర్వర్ పడిపోయిన రోజు ఎవరి జీవితంలోనైనా ఉంటే, వాళ్లకు ఈ సినిమా ఇంకాస్త ఎక్కువ నచ్చుతుంది. అనిల్ కపూర్ ఉన్నది కాసేపే. అప్పట్లో మన దగ్గర జరిగిన హడావుడి చూసి ఆయనే హీరో అనుకున్నవాళ్లు నాకు తెలుసు.

2. ఫాలౌట్ (2018)

ఎక్కువమంది లిస్టుల్లో ఇదే ఫస్ట్. ఫ్యాన్స్ కోపగించుకోకండి, తేడా వెంట్రుకవాసే. విమానం నుంచి దూకే సీన్ కోసం క్రూజ్ 106 సార్లు దూకాడు. లండన్‌లో ఒక బిల్డింగ్ మీద నుంచి ఇంకో దాని మీదికి దూకుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆ షాట్ సినిమాలోనే ఉంది. విరిగిన కాలితోనే లేచి, కుంటుతూ ఫ్రేమ్ దాటి వెళ్లడం కనిపిస్తుంది. బాత్రూమ్ ఫైట్‌లో హెన్రీ కావిల్ చొక్కా చేతులు సర్దుకుని పిడికిళ్లు బిగించే క్షణానికి ఇప్పటికీ థియేటర్ సౌండ్ చెవుల్లో మోగుతుంది.

క్లైమాక్స్ కథ ప్రకారం కశ్మీర్‌లో, తీసింది న్యూజిలాండ్‌లో. రెండు బాంబులు, ఒక రిమోట్. పదిహేను నిమిషాల లెక్క మొదలయ్యాకే రిమోట్‌లోంచి కీ తీయాలి. అది తీశాక రెండు బాంబుల వైర్లూ ఒకేసారి కోయాలి. ఆ కీ ఉన్న హెలికాప్టర్ మాత్రం కొండల్లో ఎగిరిపోతోంది. ఇంత మెలిక ఉన్నా ఎవరు ఎక్కడ, ఏం చేస్తున్నారో ఒక్క క్షణం కూడా తికమక ఉండదు.

1. మిషన్: ఇంపాజిబుల్ (1996)

కంప్యూటర్ వాడిగా ముందు ఒక నవ్వు నవ్వుకోనివ్వండి. ఇందులో ఈథన్ పంపే ఈమెయిల్ అడ్రస్ మధ్యలో ఖాళీ ఉంటుంది. బైబిల్ వాక్యం నంబర్ కూడా ఉంటుంది. అది ఎక్కడికీ వెళ్లదు.

కానీ బ్రయాన్ డి పాల్మా తీసిన ఆ తెల్ల గది సీన్ ముందు మిగతా ఏడు సినిమాల ఆకాశాలూ చిన్నవే. సీఐఏ ఆఫీసులో ఒక గది, అందులో ఒక కంప్యూటర్. నేల తాకకూడదు. చప్పుడు పెరగకూడదు. గది వేడి పెరగకూడదు. మూడే రూల్స్. పైనుంచి తాడు మీద వేలాడే మనిషి. పైన తాడు పట్టుకున్నవాడి దగ్గరికి ఒక ఎలుక వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. ఆ సీన్ తీసేటప్పుడు క్రూజ్ తల పదేపదే నేలకు తగులుతుంటే, బ్యాలెన్స్ కోసం బూట్లలో నాణేలు వేసుకున్నాడు. ఎత్తు చూస్తే బుర్జ్ ఖలీఫా ముందు ఏపాటిదీ కాదు. అయినా చెమట చుక్క జారుతుంటే నేను సోఫాలో కదల్లేదు.

ఇప్పుడా చిన్న ఉద్యోగి సంగతి. ఆ గదిలో కూర్చునే మనిషి పేరు విలియం డోన్లో. ఆయన చేసిన తప్పేమీ లేదు. కాఫీలో ఎవరో మందు కలిపారు, కడుపు తిప్పింది, బాత్రూమ్‌కు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. పై ఆఫీసర్ ఒక్క మాటతో ఆయన్ను అలాస్కాకు తోసేస్తాడు. అప్పట్లో థియేటర్లో నవ్వించిన ముక్క అది. సిస్టమ్‌కు పేరు పైవాళ్లది, అది పడిపోతే మాట పడేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడు. ఆన్‌కాల్ చేసే ఎవరినైనా అడగండి.

29 ఏళ్ల తర్వాత ‘ఫైనల్ రెకనింగ్’లో అదే నటుడు రాల్ఫ్ శాక్సన్ మళ్లీ డోన్లోగా కనిపిస్తాడు. మంచు మధ్య, భార్యతో, జుట్టు నెరిసి. ఈథన్ క్షమాపణ అడిగితే కోపగించుకోడు. అక్కడికి రాకపోయుంటే ఈమె దొరికేదే కాదంటాడు. ఆ తర్వాత టీమ్‌తో కలిసి ప్రపంచాన్ని కాపాడే పనిలో కూడా చెయ్యి వేస్తాడు. ఆ సినిమా ఏడో స్థానంలో ఉన్నా, ఎనిమిది రాత్రుల్లో నా కళ్లు తడిసింది ఆ ఒక్కచోటే. అన్నీ తెలిసిన ఎంటిటీ లెక్కలోకి ఎన్నడూ తీసుకోని మనిషి ఆయన.

ఎనిమిదీ చూసే ఓపిక లేదంటారా? శుక్రవారం రాత్రి మొదటిది, శనివారం ‘ఘోస్ట్ ప్రోటోకాల్’, ఆదివారం ‘ఫాలౌట్’ చూసేయండి. వీలైతే ఇంకో వారం మొదటిదీ, చివరిదీ వెనకా ముందూ పెట్టుకుని చూడండి. డోన్లో కోసం. మొదటిది చూసేటప్పుడు మాత్రం ఫ్యాన్ సౌండ్ కాస్త తగ్గించుకోండి. ఆ గదిలో చప్పుడు పనికిరాదు.