కాలదోషము దగ్గరపడిన ప్రోనోటు: రైతు తెలిసికొనవలసిన సంగతులు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో మాసూళ్లు ముగిసి ధాన్యము అమ్ముడుపోవు రోజులలో అప్పుల వసూలుకు ఇంటికి వచ్చువారు ఎక్కువగుదురు. కొందరు గట్టిగా అడుగుదురు. మరికొందరు, "ఇప్పటికి ఓ అయిదు వందలిచ్చి నోటు వెనకాల సంతకం పెట్టండి, మిగతాది తరువాత చూసుకుందాం" అని మెత్తగా చెప్పుదురు. ఈ మెత్తని మాట దగ్గరనే ఎక్కువ జాగ్రత్త కావలెను. ఆ ఒక్క సంతకముతో అప్పు ఆయుస్సు మరి మూడేండ్లు పెరుగును.

గడువు ఎంత?

అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన ప్రోనోటుపై, నోటు తేదీనుండి మూడేండ్లలోపల దావా వేయవలెనని 1963 నాటి కాలపరిమితి చట్టము చెప్పుచున్నది. అంతకుముందున్న 1908 చట్టములోను ఇదే గడువు. నోటు వ్రాసిన దినము లెక్కలోనికి రాదు. 2023 జూలై 10న వ్రాసిన నోటుపై 2026 జూలై 10 వరకు దావా వేయవచ్చును. ఆనాడు కోర్టుకు సెలవైనచో తిరిగి తెరచిన రోజున వేయవచ్చును. అది దాటినచో నోటుకు కాలదోషము పట్టును.

అన్ని అప్పులను ఒకే గాట కట్టరాదు. భూమి తనఖా బాకీకి, సొమ్ము చెల్లించవలసిన నాటినుండి 12 ఏండ్లు. కోర్టు డిక్రీ అమలుకు 12 ఏండ్లు. ప్రభుత్వము వేయు దావాకు 30 ఏండ్లు.

చెల్లు వ్రాసినచో ఏమగును?

గడువులోపల కొంత సొమ్ము ఇచ్చి, ఆ సంగతి స్వయముగా వ్రాసినను, ఇతరులు వ్రాసినదాని క్రింద సంతకము చేసినను, మూడేండ్ల గడువు తిరిగి మొదలగును. పై నోటుపై 2026 జూన్ 25న అయిదు వందలకు చెల్లు పడినచో గడువు 2029 జూన్ 25 వరకు పోవును. సొమ్ము ఇవ్వకున్నను, బాకీ ఉన్నదని సంతకముతో ఒప్పుకొన్న ఉత్తరమునకు అదే ఫలితము. బ్యాంకువారు తెచ్చు ఋణ అంగీకార పత్రము ఈ కోవలోనిదే. చదువురానివారి వేలిముద్రయు సంతకముతో సమానము. వకీలు నోటీసు వచ్చినంత మాత్రమున గడువు పెరగదు. దానికి మీరు వ్రాయు జవాబువలన పెరగవచ్చును.

కాలదోషము పట్టిన తరువాత వేసిన చెల్లు నోటును బ్రతికింపదు. కాని ఆ పాత బాకీని చెల్లింతునని క్రొత్తగా వ్రాసి సంతకము చేసినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము అది చెల్లుబాటగు ఒప్పందము.

నోటు తిరుగవ్రాయుటలో మరియొక మెలిక ఉన్నది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై లక్ష రూపాయలకు మూడేండ్లలో 72,000 వడ్డీ అగును. రెంటిని కలిపి 1,72,000కు క్రొత్త నోటు వ్రాసినచో, నెలవడ్డీ 2,000 నుండి 3,440కి పెరుగును.

చేయవలసిన పనులు

1. ప్రతి నోటు తేదీ, అసలు, వడ్డీ, చెల్లులు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను.

2. ఖాళీ నోటుపై సంతకము చేయరాదు. స్టాంపు అంటించిన ఖాళీ నోటుపై సంతకమిచ్చుట, దానిని నింపుకొను అధికారమిచ్చుటయే.

3. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు తీసికొనవలెను. బాకీ తీరిననాడు నోటు వెనుకకు తీసికొనవలెను.

4. బ్యాంకుల వసూలు ఏజెంట్లు ఉదయము 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత బాకీకై ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఎవరైనను బెదిరించినచో పోలీసులకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను.

5. కోర్టు సమను వచ్చినచో తప్పక హాజరు కావలెను. కాలదోషము పట్టిన దావాను, ప్రతివాది చెప్పకున్నను, కోర్టు కొట్టివేయవలసినదే. కాని నోటు వెనుక మీరు వేయని చెల్లు ఉన్నచో, అది నాది కాదని చెప్పవలసినవారు మీరే. వకీలును పెట్టుకొనలేనివారు 15100కు ఫోను చేసి ఉచిత న్యాయ సహాయము అడుగవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఈ సహాయము లభించును.

గ్రామాధికారులకు ఒక మాట. మిమ్ములను సాక్షి సంతకమునకు పిలిచినప్పుడు, కాగితమంతయు రైతుకు చదివి వినిపించి, తేదీ, మొత్తము అక్షరములలో వ్రాయించి, ఖాళీలు కొట్టివేయించిన తరువాతనే సంతకము చేయవలెను.

ఇదంతయు బాకీ ఎగవేయుటకు చెప్పినది కాదు. కాలదోషము కోర్టు దారిని మూయునేగాని బాకీని తుడిచివేయదు. తీసికొన్న సొమ్ము తిరిగి ఇచ్చుట మర్యాద. రేపటి ఎరువుకు, విత్తనమునకు మరల అప్పు పుట్టవలెనన్నను అదే ఆధారము. ఈ యేడు ఇవ్వలేని రైతు గడువు కోరి చెల్లు వ్రాసినచో దావా ఖర్చు ఇరువురికి తప్పును. అయితే ఆ చెల్లుతో ఎంత బాకీ ఒప్పుకొనుచున్నారో, ఏ తేదీవరకు కట్టుబడుచున్నారో తెలిసి వ్రాయవలెను.