చేదు దాచుకున్న బిళ్ళగన్నేరు

రోహిణి కార్తె ఎండ. మందారం తల వాల్చేసింది, మల్లెపొద వాడిపోయింది. ప్రహరీగోడ పగులులో, పిడికెడు మట్టి కూడా లేని చోట, బిళ్ళగన్నేరు మాత్రం విరగబూసి ఉంది. లేత గులాబీ రంగు రేకులు ఐదు, ఒకదాని అంచు మీదికి మరొకటి ఒరిగీ ఒరగనట్టుగా, అన్నీ ఒకే వైపుకు సుడి తిరిగి విచ్చుకున్నాయి. నడిమధ్య ముదురు గులాబీ చుక్క, ఆ చుక్కలో సూది దూరేంత కన్నం. దాని వెనక సన్నని పొడుగాటి గొట్టం, గొట్టం అడుగున తేనె. పొడవాటి తొండమున్న సీతాకోకచిలుకకే అది దక్కుతుంది.

పువ్వు కింద నున్నని ఆకులు జంటలు జంటలుగా, నిగనిగలాడే ముదురు పచ్చలో, నడుమ తెల్లటి ఈనెతో. ముళ్ళకంపను సైతం నమిలేసే మేక ఈ మొక్కను వాసన చూసి మూతి తిప్పుకుని వెళ్ళిపోతుంది. కొమ్మ తుంచితే తెల్లని పాలు ఊరతాయి, విషపు పాలు. మడగాస్కర్ దీవి దీని పుట్టిల్లు. ఉష్ణదేశాలన్నీ చుట్టి, మన పెరళ్ళలో, శ్మశానాల్లో ఎంతగా కలిసిపోయిందంటే పరాయి మొక్కంటే నమ్మబుద్ధి కాదు.

అసలు వింత ఆ ఆకులో ఉంది. అందులో నూటికి పైగా చేదు ఆల్కలాయిడ్లు. వాటిలో కాథరాంథిన్ అనేది దాదాపు అంతా ఆకు పైపొర మీది మైనంలో ఉంటుంది. విండోలిన్ లోపలి కణాల్లో ఉంటుంది. ఈ రెండూ జతకూడితేనే విన్‌బ్లాస్టిన్ అనే భయంకరమైన విషం. కాగితమంత పలచని ఆకులో రెండు సగాలనూ ఇలా వేరువేరు గదుల్లో ఉంచిన ఆ నేర్పును తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

మనిషికి అది దొరికిన తీరూ విచిత్రమే. జమైకాలో మధుమేహానికి ఈ ఆకుల కషాయం తాగేవారు. ఆ ఆకులు కెనడా చేరాయి. అక్కడి పరిశోధకులు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకలకిచ్చి చూస్తే చక్కెర తగ్గలేదు, రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే కదా ల్యుకేమియా! ఆ ఆలోచనే 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను చేతికందించింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో మందుగా అనుమతి పొందింది.

కణం రెండుగా చీలే వేళ దాని నడుమ కండె పోగులు సాగుతాయి. క్రోమోజోములు ఆ పోగుల వెంటే అటూ ఇటూ జరుగుతాయి. ఈ విషం పోగులను కూడనివ్వదు. చీలబోయిన కణం మధ్యదారిలో ఆగి చచ్చిపోతుంది. నరాల్లోనూ అలాంటి పోగులే ఉంటాయి గనుక విన్‌క్రిస్టిన్ ఎక్కించుకున్న పిల్లల వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. కొలిచి, రక్తనాళంలోకి జాగ్రత్తగా ఎక్కించాల్సిన మందు ఇది. పెరట్లో ఆకు నూరుకుని తాగితే ప్రాణం మీదికొస్తుంది. పిల్లల ల్యుకేమియా వైద్యంలో విన్‌క్రిస్టిన్‌తో పాటు వాడే మెథోట్రెక్సేట్ వెనక భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ఉంది. ఇలాంటి మందులు కలిపి వాడటం వల్లే, వైద్య వసతులు బాగా ఉన్న దేశాల్లో నేడు ఆ పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు.

ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ కోసం సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. 2022లో శాస్త్రవేత్తలు 30కి పైగా మొక్కల జన్యువులను ఈస్టులోకి చేర్చి కాథరాంథిన్, విండోలిన్ అనే ఆ రెండు సగాలనూ దాని చేతే చేయించారు. అంతటి ఈస్టు కూడా వాటిని జతకూర్చలేదు, ఆ పని ప్రయోగశాలలో మనుషులే చేయాల్సి వచ్చింది.