మిత్రబృందముల లెక్క

ఒక తరగతిలో 40 మంది విద్యార్థులు గలరు. అందరును ఒకరికొకరు మిత్రులుగా నుండు బృందములు వారిలో ఎన్ని గలవు? విద్యార్థిని చుక్కగను, మైత్రిని గీతగను వ్రాసిన ఆ పటమే గ్రాఫు. అందు ఇట్టి బృందమునకు 1949లో లూస్, పెర్రీ అను పరిశోధకులు ‘క్లిక్’ అని పేరిడిరి.

40 మందితో ఏర్పడగల సమూహములు లక్ష కోట్లకు మించును. అన్నింటిని పరీక్షించుట కంప్యూటరునకును భారమే. పైగా, ముగ్గురి పేర్లను వరుస మార్చి చదివినచో ఒకే బృందము ఆరుసార్లు లెక్కకు వచ్చును.

కావున ప్రోగ్రాము వ్రాయువారు ముందుగా ప్రతివారికిని ఒక సంఖ్య నిత్తురు. అప్పటికి చేరిన వారందరికిని మిత్రులై, అందరికంటె పెద్ద సంఖ్య గలవారినే పిమ్మట చేర్చుదురు. అట్టివారు లేనిచో వెనుకకు మరలి వేరొక దారి పట్టుదురు. ఇట్లు ప్రతి బృందమును ఒక్కసారియే లెక్కకు వచ్చును. ఐదుగురు మిత్రుల పేర్లతో మీరును ప్రయత్నింపుడు.